అదారీ ఊట, దూరపు తోట

బహ్రెయిన్ అరబ్బీలో ఒక సామెత ఉంది. సొంతవాళ్ళను వదిలేసి పైవాళ్ళకు పెట్టే మనిషిని అక్కడివారు అదారీ ఊటతో పోలుస్తారు. అది దూరపు తోటను తడుపుతుంది, పక్క తోటను ఎండబెడుతుంది అని దాని భావం. అదారీ మనామా నగర శివార్లలో శతాబ్దాలపాటు పారిన పెద్ద మంచినీటి ఊట. అది ఉన్న చోటు పల్లం కావటంతో నీరు పక్కనున్న మెరకకు ఎక్కేది కాదనీ, కాలువ వెంట సాగి దూరాన ఉన్న ఖర్జూరపు తోటలకు చేరేదనీ చెబుతారు. మన ‘ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత’కు ఇది కొంత దగ్గరి చుట్టమే కాని, ఇందులో ఆడంబరం కన్నా అన్యాయం పాలు ఎక్కువ.

నేడు సామెత మిగిలింది, ఊట లేదు. ఆ పేరుతో ఇప్పుడున్నది ఒక వినోద ఉద్యానం. బహ్రెయిన్‌లో పుట్టి పెరుగుతున్న పదిహేనేళ్ళ పిల్లలకు, వారు అరబ్బులైనా, మలయాళీలైనా, తెలుగువారైనా, అదారీ అంటే రంగులరాట్నాలు.

పర్యావరణ మనస్తత్వశాస్త్రం యాభై ఏళ్ళుగా ఒక ప్రశ్న చుట్టూ తిరుగుతోంది. భూతాపం గురించీ నీటి కొరత గురించీ చక్కగా పాఠం అప్పజెప్పే బడిపిల్లవాడు పళ్ళు తోముకుంటున్నంతసేపూ కుళాయిని ఎందుకు వదిలేస్తాడు? దీనికి సమాధానాన్ని శాస్త్రవేత్తలు ఎక్కువగా పిల్లవాడి మనసులో వెదికారు. అందులో సగం సమాధానం అతడు నివసించే చోటి చరిత్రలో ఉందని నా అభిప్రాయం. చూపు దగ్గరి తోట మీద పడకుండా దూరపు తోట మీదకే పోయేలా మనసు ఎలా తయారవుతుందో చూడటానికి బహ్రెయిన్‌ను మించిన చోటు నాకు తెలియదు.

తీపినీటి దీవి

సుమేరియన్ల మట్టిపలకల్లో దిల్మున్ అనే పుణ్యభూమి కనిపిస్తుంది. ఎంకీ, నిన్‌హుర్సగ్‌ల కథలో మొదట దిల్మున్‌కు తీపినీరు ఉండదు. ఎంకీ నేల అడుగు నుంచి నీటిని రప్పిస్తాడు. ఉప్పునేల పంటనేల అవుతుంది. ఆ దిల్మున్‌కు కేంద్రం బహ్రెయినేనన్నది ఇప్పుడు చాలామంది పురావస్తు పండితులు అంగీకరించిన మాట. 1950లలో పి. వి. గ్లోబ్, జెఫ్రీ బిబ్బీల డేనిష్ బృందం బార్బార్ గ్రామం దగ్గర తవ్వి ఒక ఆలయాన్ని వెలికితీసింది. సుమారు నాలుగు వేల ఏళ్ళనాటి ఆ కట్టడంలో మెట్లు దిగి చేరవలసిన ఊటబావి ఒకటి ఉంది. కోనేరున్న గుడిని చూసినవారికి దాన్ని ప్రత్యేకంగా వివరించనక్కరలేదు.

బహ్రెయిన్ అనే మాటకు ‘రెండు సముద్రాలు’ అని అర్థం. ఒకటి పైన కనిపించే ఉప్పు సముద్రం, రెండవది దాని అడుగున పొంగే తీపినీరు అని జనం చెప్పుకునే వ్యుత్పత్తి. భాషావేత్తలు దానికేమన్నా సరే, వస్తుస్థితి మాత్రం అదే. ముత్యాల ఓడల మీది ఈతగాళ్ళు తోలుసంచి పట్టుకుని మునిగి, సముద్రం అడుగున ఊట మూతి దగ్గర దాన్ని నింపుకుని పైకొచ్చేవారు. చుట్టూ ఉప్పునీరు, చేతిలో మంచినీరు. ఆ సంచి బరువు తెలిసినవాడికి నీటి విలువను వేరే పాఠంగా చెప్పవలసిన పని ఉండదు.

ఈ నీరు ద్వీపం మీద కురిసిన వాన కాదు. అక్కడ ఏడాది మొత్తం మీద పడే వర్షం సగటున 80 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. మనం కరువుసీమ అనుకునే అనంతపురంలో దాదాపు 550 పడుతుంది. అరేబియా ఎడారి తూర్పు భాగంలో ఏనాడో ఇంకిన నీరు సున్నపురాతి పొరల గుండా వేల ఏళ్ళు నడిచి ద్వీపంలో పైకి ఉబికేది. దాన్ని ఖర్చు చేయవచ్చు కాని, మనిషి జీవితకాలంలో తిరిగి నింపలేము.

ఆ ఖర్చు మొదలైన తీరులో ఒక విచిత్రం ఉంది. ఫ్రాంక్ హోమ్స్ అనే న్యూజీలాండ్ వ్యాపారి 1925లో అక్కడి పాలనా బాధ్యతలు చూస్తున్న షేక్ హమద్ బిన్ ఈసా కోసం మంచినీటి బావులు తవ్వించాడు. నీళ్ళు పడ్డాయి. ఆ మెప్పుతో అదే ఏడాది చివర అతనికి చమురు అన్వేషణ హక్కు దక్కింది. 1932లో జబల్ దుఖాన్ దగ్గర చమురు పడింది. గల్ఫ్ అరబ్ తీరంలో అదే మొదటిది. నీటిబావి చమురుబావికి దారి చూపింది, చమురుబావి తెచ్చిన సంపద నీటిబావులను పీల్చింది. 1941లో జరిగిన మొదటి జనగణనలో జనాభా సుమారు 90 వేలు. 2020 నాటికి అది 15 లక్షలు. పంపుసెట్లు పెరిగాయి, నీటిమట్టం పడిపోయింది, ఖాళీ అయిన పొరల్లోకి సముద్రం చొరబడింది. ఇరవయ్యో శతాబ్దం ముగిసేసరికి అదారీతో సహా పేరున్న ఊటలు సహజంగా పారటం మానేశాయి.

దాహం మాత్రం ఎవరికీ తెలియలేదు. ఇక్కడే నా వాదానికి మూలం ఉంది. 1970ల మధ్య నుంచి సిత్రాలో సముద్రపు నీటిని కాచి మంచినీరు తీయటం మొదలైంది. 1984లో రాస్ అబూ జర్జూర్‌లో, ఉప్పెక్కిన భూగర్భజలాన్ని పొరల గుండా నెట్టి శుద్ధిచేసే కర్మాగారం వచ్చింది. తరువాత హిద్ద్, అద్-దూర్ కేంద్రాలు వచ్చాయి. ఒక పక్క ఊట ఎండుతున్నప్పుడు మరో పక్క కుళాయి ధార పెరిగింది. మనిషి మనసుకు నష్టం తెలియాలంటే లోటు కనిపించాలి. బహ్రెయిన్‌లో ప్రకృతి నష్టపోయిన నీటిని ఇంజనీరింగు ఎంత చక్కగా పూడ్చిందంటే, నష్టం జరిగిందన్న సంగతే ఇళ్ళలోకి రాలేదు. తాత అదారీలో ఈత నేర్చుకున్నాడు. తండ్రి అది చిక్కిపోవటం చూశాడు. మనవడికి అది టికెట్టు కొనుక్కుని వెళ్ళే చోటు.

మరుపు, దూరదృష్టి

ఈ మరుపుకు మనస్తత్వశాస్త్రంలో పేరుంది. అమెరికన్ మనస్తత్వవేత్త పీటర్ కాన్ 1990లలో హ్యూస్టన్ నగరంలోని పిల్లలతో మాట్లాడాడు. గాలి కాలుష్యం అంటే ఏమిటో చాలామంది చెప్పగలిగారు. కాని అంత కాలుష్యం ఉన్న నగరంలో ఉంటూ, తమ ఊరి గాలి పాడైందని అనుకున్నవారు తక్కువ. పుట్టినప్పటి నుంచి పీలుస్తున్న గాలే వాళ్ళకు కొలత. ప్రతి తరమూ తాను చిన్నప్పుడు చూసిన స్థితినే సహజ స్థితిగా తీసుకుంటుంది, అంతకుముందు పోయినది లెక్కలోకి రాదు. దీన్ని అతడు తరాల మధ్య పర్యావరణ విస్మృతి అన్నాడు. మత్స్యశాస్త్రవేత్త డేనియల్ పాలీ 1995లో చేపల విషయంలో ఇదే మాట ఇంకో రకంగా చెప్పాడు. వైద్యంలోనూ ఇది మనకు తెలిసినదే. కొన్నేళ్ళపాటు మెల్లగా రక్తం తగ్గినవాడు ఆయాసాన్ని జబ్బుగా చెప్పడు, వయసు అంటాడు.

దీనికి జంటగా మరో లోపం ఉంది. డేవిడ్ ఉజెల్ అనే ఆంగ్ల పరిశోధకుడు ఆస్ట్రేలియా, ఇంగ్లండు, ఐర్లండు, స్లొవేకియాల్లోని విద్యార్థులను పర్యావరణ సమస్యలు ఎక్కడ ఎంత తీవ్రంగా ఉన్నాయని అడిగి 2000లో ఫలితాలు ప్రకటించాడు. తమ వీధి నుంచి దూరం పోయేకొద్దీ సమస్య తీవ్రంగా కనిపించింది. అన్నిటికన్నా ఘోరంగా ఉన్నది ప్రపంచం, అన్నిటికన్నా బాగున్నది మన పేట. బాధ్యత విషయంలో ఇది తలకిందులైంది. దూరాన ఉన్నదాన్ని మనమేమీ చేయలేమన్న భావన బలపడింది. అంటే ఎక్కువ బాధపడే చోట చేతులు కట్టేసినట్టుంటుంది, చేయగలిగిన చోట బాధ ఉండదు. దగ్గరి వస్తువు మసకగా కనిపించే కంటిదోషానికి మేము దీర్ఘదృష్టి అని పేరు పెట్టుకున్నాం. ఇది మనసుకు వచ్చే దీర్ఘదృష్టి. అదారీ సామెత ఈ మాటను ఎన్నడో చెప్పేసింది.

బడిలోకి పర్యావరణం

బహ్రెయిన్‌లో ఆధునిక విద్య గల్ఫ్‌లో చాలా చోట్ల కన్నా ముందే వచ్చింది. 1919లో ముహర్రక్‌లో హిదాయా బడి, 1928లో అక్కడే బాలికల బడి, 1950లో ప్రవాస భారతీయుల పిల్లల కోసం ఇండియన్ స్కూల్ మొదలయ్యాయి. పర్యావరణం ఒక పాఠ్యాంశంగా రావటం చాలా తరువాతి మాట. 1977 అక్టోబరులో జార్జియాలోని తిబిలిసీలో యునెస్కో జరిపిన అంతర్‌ప్రభుత్వ సదస్సు పర్యావరణ విద్యకు అయిదు లక్ష్యాలు పెట్టింది: ఎరుక, జ్ఞానం, వైఖరి, నైపుణ్యం, పాల్గొనటం. తరగతి గదుల్లోకి వచ్చేసరికి వీటిలో రెండోది ఒక్కటే నిలిచింది, ఎందుకంటే పరీక్ష పెట్టగలిగింది దానికొక్కదానికే. మన దేశంలో ఎం. సి. మెహతా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1991 నవంబరులో బడుల్లో పర్యావరణ విద్యను తప్పనిసరి చేయమంది. ఆ తీర్పు ప్రభావం సీబీఎస్ఈ పాఠ్యప్రణాళిక ద్వారా సముద్రం దాటి గల్ఫ్‌లోని భారతీయ బడులకూ చేరింది.

చేరిన పాఠం ఎటువంటిదో చూడండి. పదో తరగతి భూగోళంలో నీటి వనరుల పాఠానికి రాజస్థాన్ ఇళ్ళలో వాన నీటిని పట్టే టాంకాలు, మేఘాలయ కొండల్లో వెదురు గొట్టాల సాగు ఉదాహరణలు. మంచి ఉదాహరణలే. కాని 80 మిల్లీమీటర్ల వాన పడే చోట, సముద్రాన్ని కాచి నీళ్ళు తాగే ఊళ్ళో కూర్చుని ఒక పిల్లవాడు వీటిని చదువుతున్నాడు. తన గ్లాసులోని నీటికి వెనక మండిన సహజవాయువు ఉందనీ, మిగిలిన చిక్కటి ఉప్పునీరు తిరిగి తీరంలోకే పోతుందనీ ఆ పాఠం చెప్పదు. బహ్రెయిన్‌లో కుళాయి కట్టేయటం అంటే ఇంధనం ఆదా చేయటమే. అక్కడ నీళ్ళ పాఠమూ భూతాపం పాఠమూ ఒకటే. వాటిని వేరు వేరు అధ్యాయాలుగా చదివించటం మన గంగా గోదావరుల అలవాటు.

తెలిస్తే మారతారన్న నమ్మకం మీద నడిచిన విద్య ఇది. అమెరికాలో హంగర్‌ఫర్డ్, వోక్ అనే విద్యావేత్తలు 1990లోనే ఆ నమ్మకానికి ఆధారం లేదని వాదించారు. జ్ఞానం నుంచి వైఖరి, వైఖరి నుంచి పని అనే సూటి దారి లేదన్నారు. ఆ సమస్య నాదన్న భావనా, నేను చేయగలనన్న ధీమా, ఎలా చేయాలో తెలిసిన నేర్పూ ఉంటే తప్ప పని జరగదన్నారు. ఐసెక్ ఐజెన్ 1991లో తీర్చిన సిద్ధాంతంలోనూ వైఖరితోపాటు చుట్టూ ఉన్నవారి అంచనాలకూ, పని తన చేతిలో ఉందా లేదా అన్న అంచనాకూ సమాన స్థానం ఉంది. చక్కెర జబ్బువాడికి అన్నం సంగతి తెలియక కాదు తినేది. మా వృత్తిలో ఉన్నవారికి ఇందుకు పరిశోధనలు అవసరం లేదు.

చుట్టూ ఉన్నవారి ప్రభావం గురించి రాబర్ట్ చాల్డీనీ బృందం చేసిన ప్రయోగం ఉపాధ్యాయులందరూ తెలుసుకోదగినది. అరిజోనాలోని శిలారణ్యంలో రాయిగా మారిన చెక్కముక్కలను సందర్శకులు జేబులో వేసుకుపోతుంటారు. ‘చాలామంది తీసుకుపోవటం వల్ల ఈ వనం నాశనమవుతోంది’ అనే అర్థంతో ఒక బోర్డు పెట్టి చూశారు. గుర్తుపెట్టి ఉంచిన ముక్కల్లో నూటికి దాదాపు ఎనిమిది మాయమయ్యాయి. ‘దయచేసి తీయవద్దు’ అన్న బోర్డు ఉన్నప్పుడు రెండు కూడా పోలేదు. నిందలో దాగిన వార్తను జనం విన్నారు: అందరూ తీస్తున్నారు. ‘ప్రపంచంలో నీటిని అతిగా వాడే దేశాల్లో మనది ఒకటి’ అని వేదిక మీద నుంచి పిల్లలకు చెప్పేవారు ఇలాంటి బోర్డునే పాతుతున్నారు.

కౌమారంలో ఈ ప్రభావం మరింత పదునెక్కుతుంది. గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ 2005లో ప్రకటించిన ప్రయోగంలో కారు నడిపే ఆటను ఒంటరిగా ఆడినప్పటి కన్నా స్నేహితులు చూస్తున్నప్పుడు పదమూడు, పదహారేళ్ళ మధ్యవారు చాలా ఎక్కువ తెగింపు చూపారు. పెద్దవారిలో ఆ తేడా లేదు. స్వీడన్‌లో ఓల్సన్, గెరికే 2016లో ప్రకటించిన అధ్యయనంలో పర్యావరణ స్పృహ పన్నెండేళ్ళవారి కన్నా పదిహేను, పదహారేళ్ళవారిలో తక్కువగా ఉంది, ఆ తరువాత మళ్ళీ కొంత లేచింది. దీన్ని నేను నిర్లక్ష్యం అనను. పెద్దలు అప్పగించిన మంచితనాన్ని తిరస్కరించి చూడటం ఆ వయసు చేయవలసిన పనుల్లో ఒకటి. 1998లో ఫ్లోరిడా రాష్ట్రం పొగాకు వ్యతిరేక ప్రచారంలో ఊపిరితిత్తుల బొమ్మలను పక్కనపెట్టి, సిగరెట్ కంపెనీలు మీకు అబద్ధాలు చెబుతున్నాయని పిల్లలతోనే చెప్పించింది. అక్కడి విద్యార్థుల్లో పొగ తాగటం తగ్గింది. తిరుగుబాటును అణచకుండా దానికొక దిక్కు చూపారు.

ఇక ప్రవాసి ఇంటి పిల్లల సంగతి. మనామాలో అద్దె ఇళ్ళ ప్రకటనల్లో కరెంటు, నీళ్ళు అద్దెలోనే కలిసి ఉన్నాయన్న మాట తరచు కనిపిస్తుంది. అటువంటి ఇంట్లో బిల్లు అనే కాగితం భోజనాల బల్ల మీదికి రాదు. 2016 నుంచి ప్రభుత్వం ప్రవాసులకు నీటి, విద్యుత్ రాయితీలను దశలవారీగా తీసేసింది. అయినా అద్దెలో కలిసిన ఇళ్ళలో ఆ వార్త ఇంటి యజమాని దగ్గరే ఆగుతుంది. పైగా ఇంట్లో మాటలన్నీ తిరిగి వెళ్ళిపోవటం గురించే. తండ్రి వీసా మీద ఆధారపడిన నివాసం అది. హెరాల్డ్ ప్రొషాన్‌స్కీ స్థల అస్మిత అనే భావనను ప్రతిపాదించాడు. నేనెవరు అన్నదానిలో నేను తిరిగే చోట్లు కూడా కలిసి ఉంటాయని దాని సారాంశం. సొంతం కాదని రోజూ వినే ఊరు పిల్లవాడి ‘నేను’లోకి ఎలా చేరుతుంది? అతని అస్మిత విజయవాడలోనో హైదరాబాదులోనో, ఏడాదికి ఒక నెల చూసే ఊళ్ళో ఉంటుంది. కాలుష్యం అతను పదకొండు నెలలుండే ఊళ్ళో చేస్తాడు. ఇంకో సంగతి చెప్పుకోవటానికి ఇబ్బందిగా ఉంటుంది. ఆ ఊళ్ళో చెత్త ఎత్తటం, చెట్లకు నీళ్ళు పెట్టటం ఎప్పుడూ వేరే ఎవరో చేసే పనులు. ఆ ఎవరోలో నిజామాబాదు, కరీంనగర్ ప్రాంతాల నుంచి వెళ్ళినవారూ ఉంటారు. ఒకే భాష మాట్లాడే ఇద్దరి మధ్య శుభ్రత అనేది జీతంగా ఒకరికి, పాఠంగా ఇంకొకరికి చేరింది. ఈ గీత చెరగకుండా పిల్లవాడి ప్రవర్తన మారుతుందనుకోవటం కష్టం.

నిజానికి పిల్లలు కుళాయి కట్టేసినంత మాత్రాన అదారీ తిరిగి పారదు. ఊటలను ఎండబెట్టింది పిల్లలు కాదు, తోటలకూ కర్మాగారాలకూ పెరిగిన నగరానికీ తోడిన నీరు. ఈ మాట పిల్లలకు దాచకుండా చెప్పాలి. దాచితే వాళ్ళే కనిపెడతారు, ఆ తరువాత మన ఏ మాటా వినరు. చెప్పినప్పుడు అసహాయత కలగకుండా ఉండాలంటే చేతికి అందే పని ఒకటి దగ్గర్లో ఉండాలి.

అటువంటిది ఉంది. బడులు గుంపుగా ఉన్న ఈసా టౌన్‌కు దగ్గర్లో తూబ్లీ అఖాతం ఉంది. పూడ్చివేతల్లో చాలా భాగం పోగా మిగిలిన దాని తీరాన, రాస్ సనద్ దగ్గర, బహ్రెయిన్‌లోని సహజమైన మడ అడవి కాస్త నిలిచింది. 1997లో రామ్‌సార్ జాబితాలో చేరిన చిత్తడి నేల ఇది. 2035 నాటికి మడ అడవులను నాలుగింతలు చేస్తామని బహ్రెయిన్ ప్రభుత్వం 2021లో ప్రకటించింది. అక్కడి చెట్టు అవిసెన్నియా మెరీనా. ఆ ప్రజాతికి లిన్నేయస్ పెట్టిన పేరు ఇబ్న్ సీనా అనే మహా వైద్యుడిది, మా గురుపరంపరలోనివాడు. కాకినాడ పక్కన కోరంగిలో మనవాళ్ళు తెల్ల మడ అని పిలిచేదీ అదే చెట్టు. గోదావరి జిల్లా నుంచి వెళ్ళిన కుటుంబంలోని పిల్లవాడికి తాతగారి ఊరి చెట్టు బడికి పది నిమిషాల దూరంలో ఉప్పునీటిలో నిలబడి ఉంది. ‘మనది కాని ఊరు’ అన్న మాటకు ఇంతకంటె మంచి జవాబు నాకు దొరకలేదు.

మొక్క నాటి ఫొటో దిగటం ఇప్పటికే ఆనవాయితీ. మడ మొక్కల్లో ఎన్ని బతుకుతాయన్నది ఎక్కడ, ఏ ఆటుపోటు మట్టంలో నాటామన్నదాన్ని బట్టి ఉంటుంది, తప్పు చోట నాటినవి చాలావరకు కొట్టుకుపోతాయి. కాబట్టి ఎనిమిదో తరగతిలో నాటినవారే పదకొండో తరగతి వరకు ఏటా వెళ్ళి బతికినవి లెక్కపెట్టాలి, పోయినవి ఎందుకు పోయాయో రాయాలి. ఆ లెక్కను ఇంట్లో చెప్పాలి. అమెరికాలో ఉత్తర కరొలైనా తీరప్రాంతంలో డేనియెల్ లాసన్ బృందం 2019లో ప్రకటించిన అధ్యయనంలో, బడిలో స్థానిక వాతావరణ మార్పుల గురించి చేతులతో పనిచేస్తూ నేర్చుకున్న పిల్లల వల్ల తల్లిదండ్రుల్లో ఆందోళన పెరిగింది. ఎక్కువగా మారినవారు తండ్రులు. వారిని ఎక్కువగా మార్చినవారు కూతుళ్ళు.